అదుపులో ఉన్నాడు, అరెస్టు కాలేదు

తెలుగు పత్రికల జిల్లా పేజీ రోజూ చదివేవారికి రెండు మాటలు కంఠతా వచ్చేసి ఉంటాయి. ఒకటి ‘అదుపులోకి తీసుకున్నారు’. రెండోది ‘అరెస్టు చూపించారు’. మొదటిది సోమవారం పేపర్లో కనిపిస్తుంది. రెండోది గురువారమో శుక్రవారమో వస్తుంది. ఆ మధ్య రోజుల్లో మనిషి ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో ఏ వార్తా చెప్పదు, పాఠకుడూ అడగడు. అరెస్టు అనేది చేసే పని కదా, దాన్ని ‘చూపించడం’ ఏమిటి? ఎప్పుడో అయిపోయినదాన్ని తీరిగ్గా, అనుకూలమైన రోజు చూసుకుని జనానికి ప్రదర్శించడం. ఏ చట్టంలోనూ లేని ఈ మాటను పోలీసులూ విలేకరులూ కలిసి తెలుగుకి ఇచ్చారు. నిజం చెప్పాలంటే చాలా కచ్చితమైన మాట అది.

భారత రాజ్యాంగం పోలీసు స్టేషన్ గురించి చెప్పిన నియమాల్లో సూటిగా అంకెలో ఉన్నది ఒక్కటే: 24 గంటలు. 22(2) అధికరణ ప్రకారం, అరెస్టయిన మనిషిని ప్రయాణానికి పట్టే సమయం తీసేసి 24 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అంతకుమించి ఉంచాలంటే మేజిస్ట్రేటు అనుమతి కావాలి. అందులో అర్థం కానిది ఏమీ లేదు. చిక్కంతా ఆ గడియారానికి కీ ఇచ్చేది ఎవరన్న దగ్గరే ఉంది. ‘అదుపులోకి తీసుకున్న’ నిమిషం నుంచి లెక్కపెడితే ఒక దేశం, ‘అరెస్టు చూపించిన’ నిమిషం నుంచి లెక్కపెడితే ఇంకో దేశం.

2023 జనవరి చివర్లో మెదక్‌లో గొలుసు దొంగతనం జరిగింది. సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలు ఉన్నాయని ఆ పట్టణానికే చెందిన ఓ దినసరి కూలీని పోలీసులు హైదరాబాద్ నుంచి పట్టుకొచ్చారు. కొన్ని రోజులు ఉంచుకున్నారు. తర్వాత వదిలేశారు. ఇంటికి చేరిన మనిషి ఆస్పత్రి పాలయ్యాడు. స్టేషన్‌లో తనను ఎలా కొట్టారో మంచం మీద నుంచి చెప్పిన వీడియో బయటకు వచ్చింది. ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసులు సస్పెండయ్యారు, తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అంతకు ముందే, 2021 జూన్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తెచ్చిన ఓ దళిత మహిళ చనిపోయింది. ఎస్‌ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు.

ఇలా తీసుకొచ్చి అలా వదిలేసిన మనుషులకు రాజ్యాంగం ఇచ్చిన ఏ హక్కు వర్తించాలన్నా ముందు వారు అరెస్టయి ఉండాలన్నది స్టేషన్ తర్కం. అరెస్టు మెమో లేదు గనుక కారణం చెప్పనక్కర్లేదు. కేసు లేదు గనుక లాయరు అక్కర్లేదు. మేజిస్ట్రేటు సంగతి ఇక ఎత్తనే అక్కర్లేదు. ‘ఊరికే విచారణకి పిలిచాం’ అన్న ఒక్క మాటతో ప్రాథమిక హక్కులున్న రాజ్యాంగం మూడో భాగం గేటు బయటే నిలబడిపోతుంది.

ఇది కొత్త కథా కాదు, ఒక్క తెలంగాణ కథా కాదు. కోయంబత్తూరుకి చెందిన ఎం. చంద్రకుమార్ 1980ల్లో బతుకుతెరువు కోసం గుంటూరు వచ్చి, చేయని దొంగతనం ఒప్పుకొమ్మని లాకప్పులో రోజుల తరబడి దెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత ఆటో నడుపుకుంటూ ‘లాకప్’ అని తమిళంలో పుస్తకం రాశాడు. దాని ఆధారంగా వెట్రిమారన్ ‘విసారణై’ సినిమా తీశాడు, అది భారతదేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. తమిళ పాఠకులకు గుంటూరంటే మిరపకాయలతో పాటు ఒక పోలీసు స్టేషన్ కూడా గుర్తొస్తుందంటే ఆశ్చర్యం లేదు.

రాజ్యాంగ సభలోనూ ఈ విషయం మీద పెద్ద వాదనే నడిచింది. ఇప్పుడు 21వ అధికరణగా ఉన్నదాన్ని 1948 డిసెంబరులో ఆమోదించినప్పుడు, ‘చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం’ అన్న మాటతో సరిపెట్టారు. అంటే చట్టసభ ఏ పద్ధతి పెడితే అదే పద్ధతి. మనిషి స్వేచ్ఛ విషయంలో ఇంత పొదుపేమిటని సభలోనూ బయటా విమర్శలొచ్చాయి. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి 1949 సెప్టెంబరు 15న అంబేద్కర్ కొత్తగా 15ఏ అధికరణను ప్రతిపాదించారు. ఇప్పటి 22 అదే. అరెస్టుకు కారణం చెప్పాలి, ఇష్టమైన లాయరుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. ఇవన్నీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్నవే కదా, కొత్తేముంది అన్నారు కొందరు. ఉన్నవేనని అంబేద్కరూ ఒప్పుకున్నారు. కోడ్‌లో ఉంటే రేపు ఏ చట్టసభైనా తీసేయొచ్చు, రాజ్యాంగంలో పెడితే తీసేయలేదు, తేడా అదీ అన్నారు.

ఆయన ఆపాలనుకున్నది చట్టసభను. పార్లమెంటు ఇంతవరకు ఆ 24 గంటల జోలికి పోలేదు. 2024 జులై 1న సీఆర్‌పీసీ (అదే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినప్పుడు కూడా 57వ సెక్షన్ 58గా మారిందే తప్ప గంటలు మారలేదు. 24 గంటలను సాగదీసింది పార్లమెంటు కాదు, స్టేషన్ రైటరు పెన్ను. (అదే 22వ అధికరణలో ముందస్తు నిర్బంధానికి మినహాయింపు కూడా ఉంది. మనవాళ్లు పీడీ యాక్టు అనేది దాని పిల్లే. 2023లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని ఆ చట్టం వాడకం మీద గట్టిగానే మందలించింది. అది వేరే వ్యాసానికి సరిపడా కథ.)

పోలీసులు ఈ ‘మధ్య రోజులను’ ఎందుకు వదులుకోరు? కొట్టడం సరదా అయి కాదు, అందరి విషయంలోనూ కాదు. దానికి ఒక చట్టపరమైన కారణం ఉంది. ఆ కారణానికి ఒక తెలుగు గడ్డివాముతో సంబంధం ఉంది.

పోలీసు ముందు చేసిన నేర అంగీకారం కోర్టులో చెల్లదు. ఈ నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఉంది. పోలీసులు ఎలా ఒప్పిస్తారో తెల్లదొరలకు కూడా తెలుసు మరి. కానీ ఒక సందు వదిలారు. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి కారణమైనంత మేర ఆ మాట చెల్లుతుంది. పాత 27వ సెక్షన్ ఇదే. ఈ సందు ఎంత వెడల్పన్నది తేల్చింది గుంటూరు జిల్లా నుంచి లండన్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. ఊళ్లో కొట్లాట, హత్యలు. నిందితుల్లో ఒకడు ఒక బల్లెం ఫలానావారి గడ్డివాములో దాచానని, చూపిస్తానని చెప్పాడు. స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు ప్రివీ కౌన్సిల్ తేల్చిందేమిటంటే, వస్తువు ఎక్కడుందో అతనికి తెలుసు అన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది, ‘దీంతోనే పొడిచాను’ అన్నది చెల్లదు. దేశమంతటా క్రిమినల్ కోర్టుల్లో నేటికీ ఉదహరించే తీర్పు ఇది.

దీని ఫలితం స్టేషన్‌లో చూడాలి. ఒప్పించినంత మాత్రాన లాభం లేదు. ఒప్పించి, వస్తువు ఎక్కడుందో చెప్పించి, అక్కడికి తీసుకెళ్లి, ఇద్దరు మధ్యవర్తుల ముందు బయటకు తీయించి పంచనామా రాయాలి. స్టేషన్ భాషలో దీని పేరు ‘రికవరీ’. దొంగతనం కేసులో బాధితుడికి కావలసింది అదే, పైఅధికారి అడిగేది అదే. 24 గంటల్లో రికవరీ అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని ముందు మనిషి, తర్వాత వస్తువు, ఆ తర్వాత అరెస్టు. రికవరీ అయిన రోజే ‘వాహనాలు తనిఖీ చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించి, పారిపోబోతుండగా చాకచక్యంగా పట్టుకున్నాం’ అన్న ప్రెస్‌నోటు వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంతమంది దొంగలు సొత్తంతా సంచిలో పెట్టుకుని సరిగ్గా తనిఖీ జరిగే చోటికే ఎందుకు వస్తారో ఏ విలేకరీ అడిగినట్టు లేదు. ముసుగులేసిన మనుషులు, ముందు బల్ల మీద నగలు, వెనక అధికారులు. ఫొటో పడుతుంది.

ఈ దారిలో నిజమైన దొంగలూ దొరుకుతారు, దొంగలు కానివారూ దొరుకుతారు. విజయవాడ దగ్గర 2007లో హాస్టల్లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసు తెలుగువారెవరూ మరచిపోలేదు. పోలీసులు నిందితుడని చూపించిన యువకుడికి కింది కోర్టు 2010లో జీవిత ఖైదు వేసింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని తేల్చి, దర్యాప్తు జరిగిన తీరును తప్పుబట్టింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది.

కోర్టులు ఈ ‘మధ్య రోజుల’ ఆటను ఎప్పుడో కనిపెట్టాయి. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక కేసులో, మనిషి మీద భౌతికంగా పట్టు ఉంటే అది కస్టడీయేనని, అరెస్టు చేయలేదు గానీ విచారణకు ఉంచామని పోలీసులు చెప్పే మాటలు చట్టం ముందు నిలవవని చెప్పారు. చెప్పి నాలుగున్నర దశాబ్దాలవుతోంది. అదే మాటను తెలంగాణ హైకోర్టు 2024లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 24 గంటల లెక్క అరెస్టు కాగితం మీద వేసిన సమయం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న సమయం నుంచే మొదలవుతుందని ఆ తీర్పు.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) కేసులో అంకెలు చూస్తే ఈ లెక్క ఎంత పచ్చిగా నడుస్తుందో తెలుస్తుంది. నిందితుణ్ని 2022 మార్చి 5న ఉదయం 11 గంటలకు ఢిల్లీ విమానాశ్రయంలో ఈడీ తన చేతుల్లోకి తీసుకుంది. అరెస్టు మెమోలో రాసిన సమయం అర్ధరాత్రి దాటాక 1.15. కోర్టుకు తెచ్చింది 6వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు. మెమో ప్రకారం పద్నాలుగు గంటలు కూడా కాలేదు. విమానాశ్రయం నుంచి లెక్కిస్తే 28 గంటలు. సుప్రీంకోర్టు విమానాశ్రయం నుంచే లెక్కపెట్టింది. 22(2) ఉల్లంఘన జరిగింది కాబట్టి అరెస్టే చెల్లదని, మనీ లాండరింగ్ చట్టంలోని కఠినమైన బెయిలు షరతులు కూడా దీనికి అడ్డు రావని చెప్పింది. నాలుగు గంటలు ఎక్కువైనందుకే ఒక కేంద్ర సంస్థ చేసిన అరెస్టు చెల్లకుండా పోయింది. మరి నాలుగు రోజులు ఉంచి, బల్ల మీద నగలు పరిచి ఫొటో దిగిన కేసుల మాటేమిటి?

గడియారంతో పాటు ఈ మధ్య కోర్టులు గట్టిగా పట్టుకున్న ఇంకో సంగతి, అరెస్టుకు కారణం చెప్పడం. 22(1)లో ఇది 1950 నుంచీ ఉంది. ఇన్నాళ్లూ స్టేషన్‌లో ‘నీ మీద కేసుంది, నడు’ అంటే చెప్పినట్టే లెక్క. 2023 అక్టోబరు 3న పంకజ్ బన్సల్ కేసులో ఈడీకి సుప్రీంకోర్టు చెప్పింది: చదివి వినిపిస్తే చాలదు, రాతలో ఇవ్వాలి. కాకతాళీయంగా అదే రోజు ఢిల్లీ పోలీసులు న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను అరెస్టు చేశారు. 2024 మేలో ఆ అరెస్టును కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఒక తేడాను విడమర్చింది. సాక్షులను బెదిరించకుండా, ఆధారాలు చెరపకుండా అంటూ ఏ నిందితుడికైనా అతికే మాటలు ఒక రకం. ఈ మనిషే ఎందుకు, ఏ పని చేశాడని అన్నది ఇంకో రకం. రాజ్యాంగం అడిగేది రెండోది. మన కోర్టుల్లో దాఖలయ్యే రిమాండు రిపోర్టులు నాలుగు తిరగేసినా, ఆ మొదటి రకం పేరాగ్రాఫు అక్షరం మారకుండా అన్నింట్లోనూ కనిపిస్తుంది. పేర్లు మాత్రం మారతాయి.

2025 నవంబరులో ముంబై బీఎండబ్ల్యూ ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. నేరం ఏదైనా సరే, కారణాలు రాతలో, అదీ అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. భాష సంగతి కొత్తది కాదు. ఇంగ్లిషు రాని మనిషికి ఇంగ్లిషులో నిర్బంధ కారణాలు ఇచ్చినందుకు ఆ నిర్బంధాన్నే సుప్రీంకోర్టు 1962లో రద్దు చేసింది. ముంబైలో పని చేసుకునే పాలమూరు కూలీకి మరాఠీలో, ఉట్నూరు గోండుకి తెలుగులో కాగితం చేతిలో పెడితే నియమం పాటించినట్టు అవుతుందా? అవదనే 2025 తీర్పు చెబుతోంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండిలో అరెస్టు కారణాలు రాయగల హెడ్ కానిస్టేబుళ్లు ఎందరున్నారో పోలీసు శాఖ ఇప్పటినుంచే వెతుక్కోవాలి.

అరెస్టే అవసరం లేని చోట అరెస్టు చేయొద్దన్నది 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు. 498ఏ (భార్యపై వేధింపుల) కేసులో మొదలై, ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాలన్నింటికీ వ్యాపించింది. ‘41ఏ నోటీసు ఇచ్చి పంపారు’ అన్న వాక్యం తెలుగు పత్రికల్లోకి అలా వచ్చిందే. ఇప్పుడది 35వ సెక్షన్ నోటీసు. దాన్ని వాట్సాప్‌లో పంపేసి చేతులు దులుపుకోవడం కుదరదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నోటీసు వల్ల మేలే జరిగింది, సందేహం లేదు. అయితే నోటీసు ఇస్తే కుదరని ఒక పని ఉంది. రికవరీ. అందుకే చిల్లర దొంగతనాల్లో, బీదవాళ్ల మీద అనుమానాల్లో, నోటీసు కన్నా ‘ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లు’ అన్న పిలుపే ఎక్కువ.

సోదాల విషయంలో మన రాజ్యాంగం బొత్తిగా మౌనం. అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ ఉన్నట్టు మన దగ్గర సోదా నుంచి రక్షణ అంటూ ప్రత్యేకంగా ఏ అధికరణా లేదు. 1954లో ఎనిమిదిమంది జడ్జీల ధర్మాసనం ఈ మౌనాన్నే ఎత్తి చూపింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కే అని చెప్పి ఆ పాత మాటను తోసేశారు. నాలుగేళ్లకే, 2021 అక్టోబరులో, హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు దారినపోయేవారిని ఆపి ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతుకుతున్న వీడియోలు బయటకొచ్చాయి. ఎవరినీ బలవంతం చేయలేదని అధికారులు చెప్పారు. ఖాకీ బట్టల్లో చేయి చాచిన మనిషికి ‘ఇవ్వను’ అని చెప్పగల ధైర్యం పాతబస్తీ కుర్రాడికి ఎక్కడినుంచి వస్తుందో వారే చెప్పాలి. పైగా సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం చెల్లుతుందని 1973లో పూరన్‌మల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట ఇప్పటికీ నిలిచే ఉంది. తప్పు చేస్తే పోయేదేమీ లేనప్పుడు ఆ నియమం ఎవరికి గుర్తుంటుంది? కొత్త సంహిత 105వ సెక్షన్‌లో సోదాలను వీడియో తీయాలన్నది కొంత నయం. అదీ ఒక చోటు సోదాకు, వస్తువు స్వాధీనానికే; రోడ్డు మీద ఆపి ఫోను తిరగేయడానికి కాదు.

పోలీసుల వైపు మాట కూడా ఉంది, దాన్ని వినకుండా ఈ వాదన సగమే. ఒక మండల స్టేషన్ ఎస్‌ఐ పొద్దున మంత్రి పర్యటన బందోబస్తు, మధ్యాహ్నం జాతర, సాయంత్రం రోడ్డు ప్రమాదం చూసుకుని రాత్రికి దర్యాప్తు అధికారి అవుతాడు. శాంతిభద్రతల పనినీ దర్యాప్తునూ విడదీయమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. అది కాగితం దాటి ఎంత దూరం వచ్చిందో ఏ స్టేషన్‌కి వెళ్లినా తెలుస్తుంది. ఫోరెన్సిక్ రిపోర్టు నెలలు పడుతుంది, ఎమ్మెల్యే ఫోను నిమిషాల్లో వస్తుంది. దొంగను పట్టుకోకపోతే ధర్నా చేసే జనమే, దొంగను ఎలా పట్టుకున్నారో అడగరు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి వద్ద ఒక అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లింది తెలుగు జనమే. ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన నివేదిక 2022లో బయటకు వచ్చేసరికి పూలు చల్లినవారు వేరే వార్తలు చదువుకుంటున్నారు.

అయినా ‘24 గంటల్లో దర్యాప్తు ఎలా అవుతుందండీ’ అన్న ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. రాజ్యాంగం దర్యాప్తుకు 24 గంటలు ఇవ్వలేదు. దర్యాప్తుకు వారాలు, నెలలు ఉన్నాయి. మేజిస్ట్రేటు అనుమతిస్తే పోలీసు కస్టడీకే మొత్తం 15 రోజులు ఉన్నాయి, కొత్త సంహితలో ఆ 15 రోజుల్నీ విడతలుగా వాడుకునే వీలు కూడా ఇచ్చారు. రాజ్యాంగం అడిగింది ఒక్కటే. మనిషి మీ దగ్గర ఉన్నాడని ఒక జడ్జికి చెప్పండి. ఆ మనిషి ముఖం ఒకసారి ఆ జడ్జికి చూపించండి. రికవరీ ఆ తర్వాత చేసుకోండి. దీనికి అభ్యంతరం చెప్పడమంటే, ముఖం చూపించలేని పని ఏదో జరుగుతోందని ఒప్పుకోవడమే.

ఆ జడ్జి కూడా తల ఎత్తి చూడాలి. రాత్రి పదింటికి మేజిస్ట్రేటు ఇంటి ముందు జీపు ఆగడం, ‘కొట్టారా?’ ‘లేదండీ’ అన్న రెండు మాటలు, సంతకం. పక్కనే నిలబడ్డ కానిస్టేబులు మళ్లీ అదే జీపులో తీసుకెళ్తాడని తెలిసిన మనిషి ఇంకేం చెబుతాడు? సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో యాంత్రికంగా రిమాండు విధించవద్దని, అర్నేష్ కుమార్ తీర్పు పాటించమని 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తన మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. మేజిస్ట్రేటు చెవికి మాట చేరితే ఏమవుతుందో 2021 మేలో చూశాం. సీఐడీ అరెస్టు చేసిన అప్పటి నర్సాపురం ఎంపీ రఘురామ కృష్ణరాజు తనను కొట్టారని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం కాదంది. చివరికి సుప్రీంకోర్టు సికింద్రాబాద్ సైనిక ఆస్పత్రిలో పరీక్ష చేయించి, నాలుగు రోజుల్లో బెయిలిచ్చింది. ఎంపీకి సుప్రీంకోర్టు దాకా వెళ్లగల లాయర్లున్నారు. మెదక్ కూలీకి భార్య మాత్రమే ఉంది.

ఒకప్పుడు తెలుగు పల్లెల్లో పోలీసులు ఎవరినైనా పట్టుకెళ్తే ఇంటివాళ్లు మొదట చేసే పని పోస్టాఫీసుకు పరుగెత్తడం. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, కలెక్టరుకు టెలిగ్రాములు కొట్టేవారు. పౌరహక్కుల సంఘం వాళ్లు నేర్పిన విద్య అది. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు హెబియస్ కార్పస్ వేసినప్పుడు, పోలీసులు ‘నిన్ననే అరెస్టు చేశాం’ అంటే, నాలుగు రోజుల కిందటి తేదీ, సమయం ముద్ర పడ్డ టెలిగ్రాం రసీదు బయటకు తీసేవారు. గుమాస్తా వేసిన ఆ ముద్రే 22(2)కి సాక్షి. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది.

దాని స్థానంలోకి రావలసింది కెమెరా. ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్పు, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నీ కనిపించేలా, మాటలు కూడా వినిపించేలా సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, సాధ్యం కాకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈడీ, ఎన్ఐఏ, సీబీఐ ఆఫీసులకూ ఇదే వర్తిస్తుందంది. 2025 సెప్టెంబరులో, రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో పదకొండుమంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చూసి, కెమెరాలు ఎందుకు పనిచేయడం లేదని అదే కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. రోడ్డు మీద హెల్మెట్ లేని తలను వెతికి ఇంటికి చలానా పంపే కెమెరా, స్టేషన్ లోపలికి వచ్చేసరికి మాత్రం తరచూ రిపేరులో ఉంటుంది.

రిమాండుకు తెచ్చిన ప్రతి మనిషి విషయంలో మేజిస్ట్రేటు ‘స్టేషన్ గేటు దాటిన సమయం ఎంత, ఆ ఫుటేజీ ఏది’ అని అడిగి, జవాబు ఉత్తర్వులో రాస్తే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త తీర్పూ అక్కర్లేదు. జిల్లా పేజీ విలేకరి కూడా ప్రెస్‌మీట్‌లో ముసుగు మనుషుల ఫొటో తీసుకున్నాక, వారిని ఇంటి దగ్గర నుంచి ఏ రోజు తీసుకెళ్లారో ఇంటివాళ్లకు ఒక్క ఫోను చేసి కనుక్కోవచ్చు. ‘అరెస్టు చూపించారు’ అన్న వాక్యం పక్కన ఆ తేదీ కూడా వేయొచ్చు.